నా వంతుకు వచ్చిన సమోవా

మొన్న అల్వాల్ చర్చి బీరువాలోని పాత ప్రపంచ పటం విప్పగానే కలరా ఉండల వాసన కొట్టింది. చిన్నప్పుడు సండే స్కూల్లో ఒక్కొక్కరం ఒక్కో చీటీ తీసి, అందులో ఉన్న దేశం కోసం ప్రార్థించేవాళ్లం. నాకు సమోవా వచ్చింది.

"ఏడుంది టీచర్ గిది?"

టీచరమ్మ పసిఫిక్ నడుమ ఆవగింజంత గుర్తు చూపింది. "వీళ్ల తాతముత్తాతలు ఆకాశంల సుక్కలు సూస్కుంట పడవలల్ల వచ్చిండ్రు బిడ్డా. తర్వాత జర్మనోళ్లు ఏలిండ్రు, ఎన్కసిరి న్యూజిలాండోళ్లు. ఇప్పుడు వాళ్ల రాజ్యం వాళ్లదే."

"దేశమా గది? ఈగ పెట్టిన మరకనే!" పక్క పిల్ల నవ్వింది.

వాళ్ల కోసం మోకరించేవాళ్లు లేకనే పరాయివాళ్లు ఏలారనుకున్నాను. నేను ఒక్కరోజు మరిచినా ఆ రాజ్యం మళ్లీ పోతుందని భయం. అప్పటికే అమ్మ లేదు. నాయిన ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి చీకటి పడేది. మచ్చ బొల్లారంలో మా ఒంటి గదిలో రోజూ సాయంత్రం మోకరించి, "ప్రభువా, వాళ్లకెవరూ లేరు" అని ఏడ్చేదాన్ని. జ్వరమొచ్చినా మానలేదు.

సమోవా పల్లెల్లో సాయంత్రం శంఖం ఊదగానే ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని ప్రార్థిస్తారని పెద్దయ్యాక చదివాను.

నా ప్రార్థన వృథా పోలేదనే నమ్ముతాను. ఎవరూ లేనిది ఎవరికో ఆయనకు తెలుసు.