నడిమి గోడ మీద రెండు దెబ్బలు

2004 వేసవిలో నన్ను బొగ్గుగని కార్మికులుండే సెంటినరీ కాలనీ సివిల్ మెయింటెనెన్స్‌కు సూపర్‌వైజర్‌గా వేశారు. ఓవర్‌సియర్‌కు కింద, మేస్త్రీలకు పైన. క్వార్టర్‌లో ఏది చెడినా కార్మికులు మా ఆఫీసు కంప్లైంట్ పుస్తకంలో రాయాలి. ఎవరింటి సంగతి వాళ్లే రాయాలి. ఆ రూలు విషయంలో నేను మొండివాణ్ణి.

ఒకరోజు లక్ష్మి అనే ఆమె వచ్చి, పక్కింటి ఓదెలు గోడకు గుంత పడింది, పూడ్చమని అడిగింది. పక్కింటి గోడతో నీకేం పనమ్మా అని కసిరాను. ఆమె కదల్లేదు, చివరికి సంగతి చెప్పింది. ఆమె భర్త పోశం, ఓదెలు ఒకే గనిలో మొదటి షిఫ్టు. పోశానిది మొద్దునిద్ర. పదేళ్లుగా తెల్లవారుజామున ఓదెలు అల్లం దంచే రాయితో, రెండిళ్లకూ ఉమ్మడిగా ఉన్న నడిమి గోడను రెండుసార్లు కొట్టేవాడు. "లేస్తుండన్నా" అని ఇటునుంచి లక్ష్మి బదులిచ్చేది. పోశం గుండెనొప్పితో పోయి మూడు నెలలైంది. ఓదెలు కొట్టడం మాత్రం ఆగలేదు.

"కావాల్నని చేస్తలేడు సారూ, నిద్రకండ్ల చెయ్యి అట్ల పోతది. సప్పుడు కాంగనే నేను గూడ ఆయన్ను లేపుదామని పక్కకు చెయ్యి సాపుతున్న. నేను చెప్తె అన్న మనసు పాడైతది. గోడ పూడ్చే సాకుతోని మీరే ఎట్లన్న ఆపియ్యాలె," అంది.

కసిరినందుకు సిగ్గుపడ్డాను. రూలు పక్కనబెట్టి, పుస్తకంలో ఓదెలు పేరు నేనే రాశాను.

మర్నాడు అతను డ్యూటీ దిగి వచ్చాక తాపీ పట్టుకొని నేనే వెళ్లాను. మేస్త్రీని పంపితే నోరు జారతాడని భయం. గుంత రూపాయి బిళ్లంత వెడల్పు, బొటనవేలంత లోతు. కాలనీలో గోడలన్నీ చూస్తున్నామని అబద్ధమాడాను. ఓదెలు దాన్ని వేలితో తడిమాడు.

"రాయి చేతిలకు వచ్చినంక యాదికొస్తది సారూ, పోశం లేడని. గప్పటికే రెండు దెబ్బలు పడ్తయి." గుంత మీంచి వేలు తీసి అడిగాడు, "ఆమెకు ఇనవడుతున్నదా?"

నేను గోడవైపు తిరిగి తాపీ అంచుతో గుంత గీకసాగాను. అతను మంచం పక్కనున్న రాయి తీసుకెళ్లి వంటింట్లో పెట్టాడు.

వదులైన పూత గీకి, అంచులు గరుకు చేసి, నీళ్లతో తడిపాను. జల్లించిన ఇసుక నాలుగు పాళ్లు, సిమెంటు ఒక పాలు కలిపి రెండు పొరలుగా పూశాను. మూడు రోజులు తడుపుతూ ఉండమన్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం, ఓదెలు డ్యూటీ దిగి వచ్చాక, చూడటానికి వెళ్లాను. ఆరిన పూతను తాపీ పిడితో కొట్టి చూడాలి. బోలుగా మోగితే లోపల పట్టలేదని అర్థం. మేస్త్రీగా పనిచేసిన రోజులనుంచీ ఉన్న అలవాటు, ఆలోచించకుండా రెండు దెబ్బలు కొట్టాను. శబ్దం గట్టిగానే ఉంది.

గోడ అవతలినుంచి, కునుకులో ఉన్న లక్ష్మి గొంతు వినిపించింది.

"లేస్తుండన్నా."

వెంటనే ఏడుపు. ఓదెలు నా ముఖం చూడకుండా బయటికి నడిచాడు. బుద్ధిలేని పని చేశానని ఇప్పటికీ బాధ.

రిటైరయ్యేదాకా పూతను కొట్టే పరీక్షించాను, దానికి వేరే పద్ధతి లేదు. కాకపోతే నడిమి గోడ అయితే ముందు పక్కింటికి వెళ్లి, ఇప్పుడు గోడ కొడతామని చెప్పి వచ్చేవాణ్ణి. నా కింది మేస్త్రీలకూ అదే నేర్పాను. ఎందుకని ఎవరూ అడగలేదు.