పోలమ్మను తరిమేసిన ఊరు

1952 మే నెలలో నన్ను ఉదయగిరికి హెల్త్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. చేరిన కొద్దిరోజులకే దుత్తలూరు దగ్గరి ఒక పల్లెలో కలరా అని కబురొచ్చింది. మొదటి వాంతిభేది కేసు కనబడగానే గ్రామ మునసబు మాకు తెలియజేయాలి. మేము వెళ్లి బావుల్లో బ్లీచింగ్ పౌడరు కలిపి, ఊరందరికీ సూదులు వెయ్యాలి. ఈ మునసబు తెలియజేయలేదు. తిరునాళ్లకు వెళ్లొచ్చిన ఆయన అన్నే మొదట చనిపోయాడు. ఇంటికి చెడ్డపేరని గుండెనొప్పిగా చెప్పించి, రోగి బట్టలు మంచినీళ్ల బావి దగ్గరే ఉతికించాడట. కబురు పంపిన బడిపంతులే ఇదంతా నాకు చెప్పాడు.

ఊరు బెదిరిపోయి ఉంటుందనుకుంటూ వెళ్లాను. తీరా చూస్తే ధీమాగా ఉంది. చేపలమ్మే పోలమ్మ అనే యానాది ఆమె రోగం తెచ్చిందని తేల్చి, ముందురోజే చెరువుకట్ట కింద ఆమె గుడిసె కాల్చి, కుటుంబాన్ని తరిమేశారు.

"పీడ పోయినాది సార్. ఇంక సూదులెందుకు? ఆ మందేస్తే నీళ్లు కంపు కొడతాయి," అన్నాడు మునసబు.

"ఆమెను మీ బావి దగ్గరికి రానిస్తారా?" అని అడిగాను.

"యానాదోళ్లను ఎట్లా రానిస్తాం సార్?"

"మరి బావిలోకి రోగం ఎట్లా వచ్చింది?"

"దాని చూపు మంచిది కాదు సార్."

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. అది నమ్మితే ఇక ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. మందు కలపబోతే ఊరివాళ్లు బావికి అడ్డం నిలబడ్డారు. పోలీసులొచ్చి మందు వేయించేలోపల ఆ నీళ్లే తాగి ఇంకొందరు పోయారు. వాళ్లలో మునసబు కోడలు ఒకతె. నిండు చూలాలు.

వెతుక్కుంటూ వెళితే పోలమ్మ ఆత్మకూరు వైపు దారిలో, వాగు ఒడ్డున కుటుంబంతో కనిపించింది. ఇసుకలో చెలమ తీసుకుని తాగుతున్నారు. ఒక్కరికీ జబ్బు లేదు. సూది వేస్తానంటే చెయ్యి చాపి, "గుడిసె కాల్చేటప్పుడు యాడున్నావు సామీ?" అంది.

మునసబు మీద రిపోర్టు పంపాను. సంజాయిషీ తీసుకుని వదిలేశారు. నిప్పు పెట్టినవాళ్లను ఆ మాత్రం కూడా అడగలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

భయపడ్డ ఊరు ముందు తప్పు మోపడానికి ఒక మనిషిని వెతుక్కుంటుంది. దొరికితే గండం గడిచిందనుకుని మందు వద్దంటుంది. ఆ తర్వాత ఏ పల్లెకు వెళ్లినా, ఇక్కడ ఎవరిని అనుమానిస్తున్నారని మొదట అడిగి, వాళ్ల గుడిసెల దగ్గర తలారిని కాపలా పెట్టించాకే బ్లీచింగ్ డబ్బా మూత తీసేవాణ్ణి.