ఎలుగుబంటి నోట నా కడుపుమంట

మామూలు మనిషి కుళ్ళుకుంటే మహా అయితే నిద్ర పట్టదు, అన్నం సయించదు. నేను కుళ్ళుకుంటే ఒక ఎలుగుబంటికి మాటలొచ్చాయి, ఆ మాటలకు హాలంతా చప్పట్లు కొట్టింది, అత్తగారి ఊరి ముందు నా పరువు గంగలో కలిసింది. ఎలాగో చెబుతాను. నవ్వండి, కానీ కొంచెం దయతో నవ్వండి.

ఖమ్మంలో ఏ చీరల దుకాణం తెరిచినా ఆటో మైకులో వినబడే గొంతు నాదే. హైదరాబాదులో కొన్నేళ్ళు డబ్బింగ్ చెప్పి, అక్కడి కిరాయిలకు తాళలేక తిరిగొచ్చినవాణ్ణి. ముసలి గొంతు, పసి గొంతు, మేక గొంతు, ఏది కావాలంటే అది నా దగ్గర దొరుకుతుంది. ఆ సంగతి విని రియాజ్ భాయ్ నన్ను పిలిచాడు. ఆయనది తాతలనాటి పరుపుల దుకాణం. దాని మీది గదిలో పిల్లల కోసం కార్టూన్ సినిమా తీస్తున్నాడు. ఇప్పపూల కోసం భద్రాచలం అడవంతా తిరిగే ఎలుగుబంటి కథ. ఎలుగుబంటి గొంతు నాది. బయటి రొద లోపలికి రాకుండా గోడల నిండా పరుపులు నిలబెట్టాడు. పెళ్ళిళ్ళ సీజన్‌లో గిరాకీ వస్తే స్టూడియో గోడ అమ్ముడుపోయేది, ఆ పూట రికార్డింగ్ బంద్.

ఈ బొమ్మల సినిమాల్లో మాట ముందు, బొమ్మ తర్వాత. నేను చెప్పింది విని, దానికి తగ్గట్టు సుజాత అనే అమ్మాయి కంప్యూటర్‌లో ఎలుగుబంటి పెదాలు కదిలిస్తుంది. మొదట్లో ఒకసారి నేను గుర్రుమన్నచోట ఎలుగుబంటి నోరు మూసుకుని కూర్చుంది. నేను ఊరుకుంటానా, ఆ అమ్మాయికి క్లాసు పీకాను.

"చూడు సుజాతా, నా దగ్గు గూడ కళనే. నా గొంతులకెంచి ఏమొచ్చినా గీయాలె. ఇది పనికొస్తది, అది రాదని నువ్వు ఏరకు."

"సరే అన్నా, ఒక్కటి గూడ ఇడువ."

ఆ అమ్మాయి మాట మీద నిలబడే రకమని నాకప్పుడు తెలియదు.

ఇంట్లో మా ఆవిడ పద్మ, ములకలపల్లిలోని పుట్టింటివాళ్ళందరికీ ఫోన్లు చేసింది. "మా ఆయనే ఎలుగుబంటి" అని ఆమె గర్వంగా చెబితే అవతల ఎవరూ ఆశ్చర్యపోలేదట. సినిమా వేసేనాడు అందరూ బండి మాట్లాడుకుని వస్తామన్నారు. హాల్లో వాళ్ళ మధ్య దర్జాగా కూర్చుని నా గొంతు నేను వినాలి. ఆ రోజుల్లో నాకు వేరే కోరిక లేదు.

అప్పుడు దిగాడు హీరో. సినిమా హీరో కాదు, టీవీ సీరియల్ హీరో. పేరు చెప్పను, నోరు చేదవుతుంది.

"సత్యం, నువ్వు మస్తు చేసినవ్," అన్నాడు భాయ్ నాకు చాయ్ ఇప్పించి. ఆయన ఊరికే చాయ్ ఇప్పించడు. "కాని ఎలుగుబంటికి ఆ హీరోతోని చెప్పిస్తున్న. పోస్టర్ మీద నీ మొహం ఏస్తే ఎవరొస్తరు?"

"నా మొహం ఎందుకు భాయ్? ఎలుగుబంటి మొహం ఎయ్యి."

"పిల్లల్ని తోలుకొచ్చేది తల్లులు. తల్లులకు ఆయన కావాలె. నీది ట్రాక్ లెక్క ఉంటది, అది ఇనుకుంట ఆయన చెప్తడు. ఆఖరి సీను ఒక్కటి మిగిలింది, చెప్పిపో."

సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ గొంతొకడిది, సోకొకడిది. ఆఖరి సీనులో ఇప్పపూలన్నీ నెమలి తినేసి పోతుంది. ఎలుగుబంటి చెట్టుకింద కూలబడి నిట్టూర్చాలి. అంతే, మాటల్లేవు. నిట్టూర్చాను. మైకు ఆగిందనుకున్నాను. అది ఆగిందో లేదో చెప్పే ఎర్రలైటుకు అడ్డంగా ఆ ఉదయమే కొత్త డబుల్ కాట్ పరుపు నిలబెట్టారు. గదిలో నేనొక్కణ్ణే. కడుపులో ఉన్నదంతా కక్కేశాను.

"వస్తడంట, పౌడరు డబ్బా. అడివంత తిరిగింది నేను, ముండ్లు గుచ్చుకున్నది నాకు, పువ్వులేమో వానికా? కండ్లల్ల గ్లిజరిన్ పెట్టుకొని ఏడ్సుడు తప్ప వానికేమొచ్చు? సక్కగ దగ్గుడన్న వస్తదా? నా నోటికాడి ముద్ద గుంజుకుంటివి గదరా, నీకు అరగదు, రాసిపెట్టుకో."

మనసు తేలికపడింది. ఇంటికి పోయి, హీరో సంగతి పద్మకు చెప్పకుండా కడుపునిండా తిని పడుకున్నాను.

హీరో వచ్చినరోజు, ట్రాక్ అందించడానికి భాయ్ నన్ను పక్కనే ఉండమన్నాడు. మనిషి తెల్లగా, మర్యాదగా ఉన్నాడు. మర్యాదగా ఉన్నందుకు నాకు ఇంకా మండింది. ఒక్కో సీనూ అయిపోయి ఆఖరిది వచ్చింది. తెర మీద ఎలుగుబంటి కూలబడింది, నిట్టూర్చింది. ఆ తర్వాత పళ్ళు కొరుకుతూ, చెయ్యి ఊపుతూ గడగడా మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఇక్కడేదో అంటోందండీ. నా కాగితంలో లేదు," అన్నాడు హీరో.

"సుజాతా, ఏందమ్మా ఇది?" అన్నాడు భాయ్.

"అన్న చెప్పిందే సార్. ఒక్క ముక్క ఇడువలే."

"ఆ ట్రాక్ ఖరాబైంది భాయ్, పెట్టొద్దు" అని నేను అంటుండగానే సుజాత పెట్టేసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదే, మైకే మంచిది కాదు. పౌడరు డబ్బా మొదలుకుని అరగదు దాకా అందరం నిలబడి విన్నాం. హీరో నా వైపు తిరిగాడు.

"ఎవరినండీ తిడుతున్నది?"

"నెమలిని సార్."

"నెమలి గ్లిజరిన్ పెట్టుకుంటుందా?"

"అడివి నెమలి సార్. పెట్టుకుంటది."

భాయ్ గోడ పరుపులో మొహం దాచుకున్నాడు. హీరో మాత్రం "బాగుంది, నేను చెబుతాను" అన్నాడు.

చెప్పాడు. ఎన్నిసార్లు చెప్పినా పెళ్ళిపత్రిక చదివినట్టే ఉంది. "రావట్లేదు సత్యంగారూ. నాకెప్పుడూ ఎవరి మీదా కుళ్ళు రాలేదు" అన్నాడు పాపం. దేవుడు కొందరికి అన్నీ ఇచ్చి అదొక్కటి ఇవ్వడు. ఇక నేను లేచి నేర్పాను. పళ్ళు కొరకమన్నాను, ఊపిరి సగంలో మింగమన్నాను, ఆయన్నే ఎదురుగా పెట్టుకుని పౌడరు డబ్బా అని తిట్టి చూపించాను. సాయంత్రానికి ఆయన తనను తాను నాకన్నా బాగా తిట్టుకున్నాడు. నాకు అసలు కుళ్ళు పుట్టింది అక్కడే. అప్పటిదాకా నా కుళ్ళు ఆయన మొహం మీదే, ఇప్పుడు గొంతు మీద కూడా.

సినిమా వేసేనాడు ములకలపల్లి నుంచి బండి నిండా చుట్టాలు దిగారు. నేను దాచిన సంగతి గేటు దగ్గరి పోస్టర్ చెప్పేసింది. పద్మ పోస్టర్‌ను చూసింది, నన్ను చూసింది, చుట్టాలను వెంటబెట్టుకుని లోపలికి నడిచింది. ఆఖరి సీను రాగానే హాలు ఊగిపోయింది. పిల్లలు పౌడరు డబ్బా అని ఈలలు వేశారు, తల్లులు కళ్ళు తుడుచుకున్నారు. హీరోగారి రొట్టె విరిగి నేతిలో పడింది, నెయ్యి మాత్రం నాది. ఆపుకోలేక పద్మ చెవిలో అన్నాను.

"ఆ ముక్క నేను నేర్పిందే. ఎట్లుంది?"

"గొంతు నీది కాకపాయె గాని," అంది పద్మ, చుట్టాలందరికీ వినబడేట్టు, "ఆ కుళ్ళుడు మాత్రం అచ్చం నీదే. మా తమ్ముడు కారు కొన్ననాడు నువ్వు గిట్లనే తిట్టినవ్. ఒక్క మాట గూడ ఫరకు లేదు."

ముందు వరసలో కూర్చున్న మా బామ్మర్ది నెమ్మదిగా వెనక్కి తిరిగాడు.

కనుక భద్రాద్రి రాముడి మీద ఒట్టు. ఇక జన్మలో మైకున్న గదిలో కుళ్ళుకోను. పెళ్ళాం పక్కన అసలే కుళ్ళుకోను. తప్పనిసరైతే కిన్నెరసాని అడవి మధ్యకు పోయి, దరిదాపుల్లో ఎలుగుబంటి లేదని చూసుకుని మరీ కుళ్ళుకుంటాను.