తమిళం చూసే సుమలత

పోయిన మార్చిలో సింగపూర్‌లోని చోవా చూ కాంగ్‌లో ఒక కాండో అపార్ట్‌మెంట్ల తోట గేటు దగ్గర గుణశీలన్ గారి చెప్పులు పోయాయి. తోలు చెప్పులు, కొత్తవి. ఆయన వాటిని గేటు పక్కన ఒద్దికగా విడిచి, కుక్కను తీసుకుని తోటలోకి వెళ్లారు. గేటు మీద బోర్డు అలాగే చెయ్యమంది. అది నాలుగు భాషల బోర్డు. ఇంగ్లీషులో, చైనీసులో, మలయ్‌లో కుక్కలను లోపలికి తేకూడదని ఉంది. తమిళంలో చెప్పులు బయట విడవమని ఉంది. గుణశీలన్ గారు బడిలో తమిళం చెప్పి రిటైరైన మనిషి. తమిళం ఉన్నచోట పక్క లైను చదవడం ఆయనకు అలవాటు లేదు. అందువల్ల వారం పాటు ఉత్తకాళ్లతో, కుక్కతో, తోటలో మిగతావాళ్లు తనను ఎందుకలా చూస్తున్నారో తెలియకుండానే నడిచారు. తర్వాత ఒకరోజు తిరిగొచ్చేసరికి చెప్పులు లేవు. సెక్యూరిటీ అతను వచ్చాడు గానీ, చెప్పుల సంగతి వినకుండా కుక్క సంగతి ఎత్తాడు.

అదే వారం తంజోంగ్ పగార్‌లో ఒక పళ్ల డాక్టరు గుమ్మం మీద, చెప్పులు విడవమని చెప్పాల్సిన చోట, కుక్కలను తేవద్దని తమిళంలో ఉంది. అక్కడ ఎవరికీ నష్టం జరగలేదు. పన్ను పీకించుకోవడానికి కుక్కను వెంటబెట్టుకొచ్చే తమిళులు ఆ వారం ఎవరూ లేరు.

రెండు బోర్డులూ అచ్చేసిన షాపు ఒకటే. వాటిలో తమిళం సరిచూసిన మనిషీ ఒకరే. ఆమె పేరు సుమలత. మా బ్లాకులోనే ఏడో అంతస్తు. పుట్టింది తునిలో. తమిళం చదవడం రాదు.

రాని మనిషికి ఆ పని ఎలా దొరికిందంటే, అడిగిన తీరు అలాంటిది. ఎనిమిదేళ్ల కిందట ఉద్యోగానికి వెళ్తే షాపు యజమాని కోహ్ ఆమె తునిలో కంపోజ్ చేసిన శుభలేఖలు నాలుగు తిరగేసి, "యూ ఇండియన్, తమిళ్ క్యాన్ ఆర్ నాట్?" అన్నాడు. ఆమె "క్యాన్" అంది. ఈ ఊళ్లో ప్రశ్నకు అంతకన్నా పొడుగు జవాబు ఎవరూ ఇవ్వరు. నెల తిరిగేలోపు నాలుగు అక్షరాలు నేర్చుకుందాంలే అనుకుంది. ఆ నెల ఇంకా తిరగలేదు.

అయితే పనితనం లేని మనిషి కాదు. శుభలేఖల దగ్గర ఆమె బాగా నేర్చుకున్నది ఒకటుంది. కంప్యూటర్‌కి ఖాళీ కూడా ఒక అక్షరమే. బొటనవేలితో మనం నొక్కే మామూలు ఖాళీ ఒకటి. రెండు మాటలను లైను చివర విడిపోకుండా కట్టిపడేసే ఖాళీ ఇంకొకటి. "చి.ల.సౌ." పై లైనులోనూ, పెళ్లికూతురి పేరు కింది లైనులోనూ పడితే వియ్యాలవారు ఊరుకోరు కాబట్టి తునిలో దాని వాడకం ఎక్కువ. అసలు వెడల్పే లేని ఖాళీ మరొకటి. అది కంటికి ఆనదు, కానీ అది లేకపోతే "సింగపూర్‌లో" అని కొట్టినప్పుడు ర కింద ల వెళ్లి వేలాడుతుంది. ఇక్కడికొచ్చాక చైనా అక్షరమంత లావు ఖాళీతో కూడా ఆమెకు పరిచయమైంది. తెర మీద ఇవన్నీ తెల్లగానే ఉంటాయి. ఒక మీట నొక్కితే మాత్రం వేషాలు బయటపడతాయి. మామూలుదానికి చుక్క, కట్టిపడేసేదానికి చిన్న సున్నా, ఇలా ఒక్కోదానికి ఒక్కో గుర్తు.

సుమలత తమిళం చూసే పద్ధతి ఇదే. అనువాదకుడు పంపిన ప్రతిని ఒక పక్క, తను అమర్చిన బోర్డును ఒక పక్క పెట్టి, ఆ మీట నొక్కి, చుక్కలు సరిచూసేది. పొడుగు మాట, చుక్క, పొట్టి మాట, చుక్క, పొడుగు మాట. రెండు పక్కలా అలాగే ఉంటే కింద "చెక్డ్" అని సంతకం. తెల్లది సరిపోయాక నల్లది ఎక్కడికి పోతుందని ఆమె లెక్క.

ఆ లెక్క చాలాకాలం తప్పలేదు, పైగా పేరు కూడా తెచ్చింది. ఒకసారి ఒక పెద్ద బోర్డులో తమిళం రెండో లైనుకు దిగకుండా గీతలా సాగి అంచు బయటికి వెళ్లిపోయింది. షాపులో అందరూ తమిళం చాలా పొడుగు భాష అనుకుని ఊరుకున్నారు. సుమలత చూసి, ఈమెయిల్‌లో వచ్చేటప్పుడు ఖాళీలన్నీ కట్టిపడేసేవిగా మారిపోయాయని పట్టుకుంది. వాటిని మామూలువి చేసేసరికి వాక్యం బుద్ధిగా మూడు లైన్లలో కూర్చుంది. కోహ్ అప్పటికప్పుడు ఆమెకు విజిటింగ్ కార్డులు కొట్టించాడు. పేరు కింద "తమిళ్ ఎడిటర్" అని వేయించాడు.

ఆ కార్డుల పెట్టె చూసిన రోజున జ్వరం వచ్చినట్టయిందని ఆమె నాతో అంది. అప్పటివరకూ అది ఒక మాట జారడం. అప్పటినుంచి ఉద్యోగమే అది అయిపోయింది. ఆమె వర్క్ పాస్ ఈ షాపుకే కట్టి ఉంది. షాపు వద్దంటే భర్తనూ కూతురినీ ఇక్కడే వదిలి తుని వెళ్లిపోవాలి. పని మానలేదు, నిజం చెప్పలేదు. మరి నేర్చుకోవచ్చు కదా అంటారు. నేర్చుకోవాలంటే రాదని ముందు ఒకరికి చెప్పాలి. ఒకసారి పిల్లల తమిళ వాచకం కొనుక్కుని ట్రైన్‌లో విప్పింది. ఎదురు సీటు తమిళ ఆంటీ ముచ్చటపడి, "పాపకా?" అంది. "పాపకే" అంది సుమలత. ఆంటీ జూరాంగ్ ఈస్ట్ స్టేషన్ వచ్చేదాకా పాపకు అక్షరాలు ఎలా దిద్దించాలో చెప్పి, మర్నాడు అదే పెట్టెలో చోటు ఆపి ఉంచింది. సుమలత అప్పటినుంచి చివరి పెట్టె ఎక్కుతోంది.

మాట్లాడటం కొంత వచ్చు, అదొక చిక్కు. కూరగాయల దగ్గర, హాకర్ సెంటర్ తిండి కొట్లలో విని పట్టుకున్న తమిళం. దాన్ని విన్నవాళ్లందరూ చదువు కూడా ఉందనే అనుకుంటారు. దీపావళి వచ్చిందంటే ఆఫీసులో ఎవరో ఒకరు గ్రీటింగ్ కార్డు తెచ్చి, "సుమా, తమిళంలో ఏదైనా రాయి" అంటారు. ఆమె ఆ రోజు చేతికి కట్టు కట్టుకుని వెళ్తుంది. ప్రతి దీపావళికీ చెయ్యి బెణుకుతుందేమని ఎవరూ అడగకపోవడం కోహ్ షాపువాళ్ల మంచితనం.

మార్చిలో ఏం జరిగిందంటే, పళ్ల డాక్టరుదీ, కాండోదీ ఒకే ఈమెయిల్‌లో వచ్చాయి. రెండూ మూడేసి మాటలు. పొడుగు, పొట్టి, పొడుగు. సుమలత ఒకదాని తమిళాన్ని ఇంకొకదాని బోర్డులో పెట్టింది. చుక్కలు చూసుకుంది. ఎక్కడివక్కడ ఉన్నాయి. సంతకం పెట్టింది.

చెప్పులు పోయిన తర్వాతి సోమవారం గుణశీలన్ గారు షాపుకు ఫోన్ చేశారు. కోహ్ విని, సుమలత బల్ల దగ్గరికి వచ్చి, మాట చివర ఇక్కడివాళ్ల "లా" తగిలించి తేలిగ్గానే చెప్పాడు. "ఒక తమిళ్ అంకుల్, టీచర్. బోర్డు తప్పంటున్నాడు. గురువారం వస్తాడు, మన తమిళ్ ఎడిటర్‌తో కూర్చుని మాట్లాడాలంట. నువ్వు చూసుకో లా."

ఆ రాత్రి ఆమె ఇంట్లో మొదటిసారి చెప్పింది. భర్త శ్యాంసుందర్ షిప్‌యార్డ్‌లో సూపర్‌వైజరు, ఏ విషయాన్నయినా గడువు లెక్కన చూస్తాడు.

"గురువారం దాకా టైముంది కదే. నేర్చేసుకో. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, వాళ్లవి మూలలు తిరిగుంటాయి. అంతేగా తేడా."

"మీరు నేర్చుకోండి ముందు."

"నేనెందుకే, నేను ఎడిటర్ని కాదుగా."

కూతురు వర్షిత ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "జస్ట్ టెల్ దెమ్ లా, అమ్మా. నాట్ లైక్ యూ కిల్డ్ సమ్‌వన్" అంది.

"నువ్వు అన్నం తిను."

మంగళవారం ఒంట్లో బాలేదని సెలవు పెడదామనుకుంది. పెడితే గురువారాన్ని తప్పించుకోవాలని చూస్తోందని కోహ్ అనుకుంటాడేమో అని మానుకుంది. బుధవారం వాచకం మళ్లీ తీసింది. బల్ల మీద అన్నం చల్లారిపోతుంటే అక్షరాలు ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోయాయి తప్ప ఒక్కటీ నిలబడలేదు. ట్రైన్‌లో ఆ ఆంటీ దొరుకుతుందేమోనని పాత పెట్టె ఎక్కింది కూడా. ఆ రోజు ఆవిడ రాలేదు.

గురువారం గుణశీలన్ గారు కొత్త చెప్పులతో వచ్చారు. నేను అక్కడ లేను గానీ, సుమలత ఆ సంగతి చెప్పేటప్పుడు మా ఇంట్లో కుర్చీలు అటూ ఇటూ జరిపి ఎవరు ఎక్కడున్నారో చూపించింది. కోహ్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. పెద్దాయన ఆమె పక్కన కూర్చున్నారు. తెర మీద తోట బోర్డు, చుక్కలతో సహా.

"నువ్వే చూశావా అమ్మా ఇది?" అన్నారు తమిళంలో.

"నేనే సార్."

"ఇందులో చెప్పులన్న మాట ఎక్కడుందో చూపించు."

ఆమె వేలు తెర మీదికి వెళ్లింది. అలవాటు ప్రకారం మొదటి చుక్క మీద ఆగింది. పెద్దాయన ఆ వేలు చూశారు. తర్వాత మొహం చూశారు. గొంతు తగ్గించి, "చదవడం రాదా?" అన్నారు.

కోహ్‌కి తమిళం రాదు. మాట ఎవరిదైతే వాళ్ల వైపు తల తిప్పుతున్నాడు. సుమలత మెడ ఎంత ఊపితే పెద్దాయనకు తెలిసి కోహ్‌కి తెలియదో అంతే ఊపింది.

గుణశీలన్ గారు చెవి గోక్కున్నారు. బడిలో ఉన్నంతకాలం ఒక్కరికీ ఊరికే మార్కు వెయ్యని మనిషని చెప్పుకుంటారు. కోహ్ వైపు తిరిగి ఇంగ్లీషులో అన్నారు.

"కంప్యూటర్ ఏదో తికమక చేసినట్టుంది. అమ్మాయి తప్పేం లేదు."

"సీ, నేను అనుకున్నాను. కంప్యూటర్ ఓన్లీ." కోహ్ మొహం విప్పారింది. "గుడ్, గుడ్. సుమా, ఇంకో మాట. వచ్చే నెల ఒక ఆసుపత్రి పని వస్తోంది. మందుల గది, ఇంజక్షన్ల గది, ఏది తాగాలి, ఏది పూయాలి, అన్ని బోర్డులూ మనవే. తమిళం మొత్తం నువ్వే చూడు."

పెద్దాయన దయతలచి గట్టెక్కిద్దామని తీసిన దారి ఆమెను ఇంకో గది లోపలికి తీసుకెళ్లింది. తాగే మందుకీ పూసే మందుకీ చుక్కలు సరిపోయాయనుకో. అప్పుడు పోయేవి చెప్పులు కావు.

"బాస్, నాకు తమిళం చదవడం రాదు."

కోహ్ ముందు నవ్వాడు. తర్వాత పెద్దాయన వైపు చూశాడు. ఆయన తన చెప్పులు చూసుకుంటున్నారు. కోహ్ నవ్వు ఆగిపోయింది.

కోహ్ వ్యాపారం చేసే మనిషి. కోపం రావాల్సిన చోట ముందు అతనికి ఆసుపత్రి గుర్తొచ్చింది.

"అంకుల్, మీరు ఇంటి దగ్గర ఏం చేస్తున్నారు?"

"కుక్కను తిప్పుతున్నాను. అది కూడా ఇప్పుడు తోట బయట."

"బోర్డులు చదివి పెడతారా?"

"చదువుతాను. ఈ కంప్యూటర్ మాత్రం నేను ముట్టుకోను. అక్షరాలు ఎక్కడ విరగాలో, ఎక్కడ విరగకూడదో ఈ అమ్మాయే చూసుకోవాలి." ఆగి, సుమలతతో తమిళంలో, "శనివారం మా ఇంటికి రా. పలక తెచ్చుకో" అన్నారు. ఆ అమ్మాయిని పంపించేస్తే తాను రానన్న సంగతి ఆయన చెప్పలేదు. కోహ్‌కి అర్థమైంది.

పెద్దాయన కాఫీ తాగి వెళ్లారు. కోహ్ మెట్లదాకా సాగనంపి తిరిగొచ్చాడు. అప్పటిదాకా గొంతులో ఆపుకున్నది అప్పుడు బయటికొచ్చింది.

"ఎనిమిదేళ్లు, సుమా. ప్రతి బోర్డు కింద చూశానని సంతకం పెట్టావు. నేను జీతం ఇచ్చాను, కార్డులు కొట్టించాను. ఇంతకీ ఏం చూశావు నువ్వు?"

"మాటల మధ్య ఖాళీలు చూశాను బాస్, అవి ఒక్కటీ తప్పలేదు."