బొట్టు పెట్టిన మందుల పెట్టె

చావాలనిపిస్తోందా అని మా ఇంట్లో మంచమ్మీద కూర్చుని మా ఆయన్ని అడిగింది ఒకమ్మాయి. అన్నం తిన్నారా అని అడిగినంత తేలిగ్గా అడిగింది. ఆ పిల్లకని కలిపిన మజ్జిగ గ్లాసు చేత్తో పట్టుకుని నేను వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను. ఎవరింటికొచ్చి ఏం మాట అడుగుతున్నావు, లేచి బయటికి నడువు అందామని నోటిదాకా వచ్చింది. ఈలోపే మా ఆయన జవాబు చెప్పేశాడు.

“అనిపిద్దమ్మా. రోజూ అనిపిద్ది.”

గుంటూరు యార్డులో మిర్చి ఎంత పలుకుతోందంటే చెప్పే గొంతుతోనే చెప్పాడు. నేను మజ్జిగ గ్లాసు గుమ్మం పక్కనే కింద పెట్టేశాను. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈయనతో కాపరం చేస్తున్నాను. కూరలో ఉప్పు తక్కువైతే నోటితో చెప్పక్కర్లేదు, ముఖం చూస్తే నాకు తెలిసిపోతుంది. అలాంటిది ఈ మాట మాత్రం ముక్కూ మొహం తెలియని పిల్ల వచ్చి అడిగితే తప్ప నాకు తెలియలేదు. ఆ క్షణంలో నాకు దుఃఖం రాలేదు. నమ్మబుద్ధి కాలేదు, అంతే.

మిరప చేలల్లో నల్ల తామరపురుగు పడి పూతంతా మాడిపోయిన ఏడాది నుంచీ ఆయన మాట తగ్గించేశాడు. గేదె ఈనబోతోందని చెప్పి గొడ్లసావిట్లోకి మంచం మార్చుకున్నాడు. గేదె ఈనింది, దూడ పెరిగి గడ్డి మేస్తోంది, మంచం మాత్రం లోపలికి రాలేదు. మావైపు మగవాడు మాట్లాడకుండా కూర్చుంటే చేను గురించి ఆలోచిస్తున్నాడంటాం. ఆడది మాట్లాడకుండా కూర్చుంటే పుట్టింటి మీద బెంగ అంటాం. మనసుకు జబ్బు చేస్తే మా ఊళ్లో తెలిసిన వైద్యం ఇంతవరకే.

ఆ అమ్మాయి ఏదో పెద్ద వైద్య పరిశోధన తరఫున వచ్చింది. పత్తి, మిరప వేసే ఊళ్లలో జనం మనసులు ఎలా ఉన్నాయో తెలుసుకుంటున్నారట. ఆయన చెప్పిన దానికి ఆ పిల్ల కంగారుపడలేదు. ఎప్పటినుంచి, నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా అని నెమ్మదిగా ఒక్కొక్కటే అడిగింది. ఆయన అన్నిటికీ చెప్పాడు. నాతో ఏడాదంతా కలిపి మాట్లాడనన్ని మాటలు ఆ పూట ఆమెతో మాట్లాడాడు. నాకు కోపం కూడా వచ్చింది. అడిగేది నేనైతే విసుక్కునేవాడు కదా అనుకున్నాను. కానీ ఆ మాట అడగాలని నాకే ఎన్నడూ తోచలేదు.

వెళ్తూ వెళ్తూ ఆమె నన్ను వాకిట్లోకి పిలిచి, గుంటూరులో మనసు జబ్బుల డాక్టరుకి చూపించాలని, ఆలస్యం చెయ్యొద్దని చెప్పింది. పురుగుమందులు ఇంట్లో ఎక్కడున్నాయని అడిగింది. మావైపు ఆ సీసాలు ఎక్కడుండవు? వాడగా మిగిలిన మందు పారబోయడానికి ఎవరికీ చేతులు రావు. గూట్లో ఒకటి, అటక మీద ఒకటి, మందు కొట్టే పంపు పక్కన రెండు ఉంటాయి. అవన్నీ తాళం వేసి దాచమని ఊళ్లో ఇంటింటికీ ఇనప్పెట్టెలు ఇస్తున్నామంది. గండం ఒక్క గడియ తప్పిపోతే మనిషి మళ్లీ మనసు మార్చుకుంటాడట. ఆ గడియలో చేతికి అందకుండా ఉంటే చాలంది. ఆ మాట నాకు అర్థమైంది.

మా పుట్టినూరికి కూడా ఇచ్చారా అని అడిగాను. మా పుట్టినూరు ఎంతో దూరం లేదు, ఇదే కాలవ మీద ఉంది. చీటీలు తీశారక్కా, మీ ఊరికి వచ్చాయి, ఆ ఊరికి రాలేదు అంది. రాకపోతే మరి వాళ్ల సంగతేమిటన్నాను. వాళ్లనీ చూస్తాం, తేడా ఉందో లేదో తెలియాలిగా అంది.

“ఏం చూస్తారు?” అన్నాను.

ఆ పిల్ల తల వంచుకుంది. “ఎంతమంది పోయారో చూస్తామక్కా.”

కొత్తరకం పత్తి విత్తనం వచ్చిన ఏడు రైతు కూడా చేలో సగం కొత్తది, సగం పాతది వేసి చూస్తాడు. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ అవి పత్తి మొక్కలు. ఆ ఊళ్లో ఉన్నది మా అమ్మ, మా అన్నయ్య, మా మేనల్లుళ్లు. పరిశోధన అయిపోయాక వాళ్లకీ ఇస్తారంది ఆమె. అయిపోయేదాకా వాళ్లేం చెయ్యాలన్నాను. చీటీలు తీసింది ఆమె కాదు, ఆమె మీద అరిచి ఏం లాభం? ఆ సాయంత్రమే మా అన్నయ్యకి ఫోన్ చేసి, ఇంట్లో ఉన్న మందు సీసాలన్నీ తాళం పెట్టి దాచకపోతే నీ గడప తొక్కనని కేకలేశాను. వాడు నాకేమైందోనని భయపడి అన్నిటికీ సరేనన్నాడు.

ఇంట్లో మాత్రం ఈ విషయం మా అత్తకి తెలియదు. ఆమె ఆ పూట పత్తి తీసే కూలీల వెంట చేనికి పోయింది. అమ్మకి చెబితే నామీద ఒట్టే అన్నాడు మా ఆయన. గుంటూరు వెళ్లొచ్చిన రోజు నడుంనొప్పికి చూపించామని చెప్పాం. బస్సులో పోతున్నంతసేపూ, ఆసుపత్రిలో బెంచీ మీద కూర్చున్నంతసేపూ తెలిసినవాళ్లు ఎవరైనా కనబడతారేమోనని ఆయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకునే ఉన్నాడు. డాక్టరు మాత్రలు రాశాడు. నడుంనొప్పికి ఇన్ని మాత్రలేమిట్రా అని మా అత్త రోజూ సాధించేది. ఈయన నవ్వడం మరిచిపోయాడు కానీ అబద్ధం ఆడటం మరిచిపోలేదు.

మిరప కోతలు అయిపోయాక పెట్టె వచ్చింది. గొడ్లసావిడి గోడకి సిమెంటుతో బిగించారు. ఏనుగు తన్నినా కదలదు అన్నట్టు ఉంది. అప్పటిదాకా నేను అక్కడా ఇక్కడా దాచిన సీసాలన్నీ ఏరుకొచ్చి నా చేత్తో నేనే లోపల పెట్టి తాళం వేశాను. తాళంచెవులు రెండు ఇచ్చారు. ఒకటి నా పుస్తెలతాడుకి పిన్నీసుతో తగిలించుకున్నాను. రెండోది ఇంటి మనిషి కాకుండా వేరే ఎవరి దగ్గరైనా ఉంచమన్నారు. పక్కింటివాళ్లకి ఇద్దామంటే, ఇంటి తాళం వీధి పాలు చేస్తావా అని మా అత్త నా చేతిలోంచి తీసుకుని బొడ్లో దోపుకుంది. పిల్లలకీ గొడ్లకీ అందకుండా ఉండటానికి ఈ పెట్టె ఇచ్చారని ఆమెకి చెప్పాను. అంతకన్నా చెప్పడానికి లేదు, ఒట్టు ఉంది.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే లేచి చూసేసరికి పెట్టెకి పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి ఉంది. బీరువా కొన్నా, డ్రమ్ము కొన్నా, చివరికి కుక్కరు కొన్నా మా అత్త బొట్టు పెట్టకుండా వాడనివ్వదు. పురుగుమందుల పెట్టెకి పూజేంటి అత్తయ్యా అని నవ్వాను. ఇంటికొచ్చిన ఇనుముని ఊరికే ఉంచకూడదమ్మాయ్ అంది. ఆ మాట అక్కడితో వదిలేశాను.

ఎండాకాలం అంతా ఆ తాళంచెవి నా గుండెల మీదే ఉంది. స్నానం చేసేటప్పుడు కూడా తియ్యలేదు. ఆయన ఎటు నుంచి వస్తున్నా ఒకసారి తడిమి చూసుకునేదాన్ని. ఆయన ప్రాణం నా మెడలో ఉంది, నేను కాపాడుకుంటున్నాను అన్న ధీమా ఉండేది. పిచ్చి ధీమా. చేలల్లో పనిలేదు, మందు కొట్టే అవసరం లేదు కాబట్టి పెట్టె తెరిచే పని పడలేదు. ఆ అమ్మాయి నెలనెలా వచ్చి మా అత్త వినకుండా ఆయన్ని అవే ప్రశ్నలు అడిగేది, పెట్టెకి తాళం ఉందని చూసుకుని వెళ్లేది. ఆయన కొంచెం కొంచెంగా తేరుకుంటున్నాడు. దోసకాయ పచ్చడి బాగుందని ఒకరోజు మళ్లీ వేయించుకున్నాడు. ఆ పూట నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

తొలకరి పడి పత్తి గింజ పెట్టే రోజుల్లో ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి పెట్టె లోపల కూడా చూసి రమ్మని పైవాళ్లు చెప్పారట. మా ఆయన చేలో ఉన్నాడు. చూడమ్మా, నీ పెట్టెని ఎంత భద్రంగా ఉంచానో అని గొప్పగా పిన్నీసు తీసి, తాళం తిప్పి, తలుపు లాగాను.

లోపల మా అత్త పట్టుచీర ఉంది. దాని కింద వెండి కుంకుమభరిణె, పొలం పాసుపుస్తకాలు, మూతికి గుడ్డ కట్టిన నెయ్యి డబ్బా ఉన్నాయి. మందు సీసా ఒక్కటి కూడా లేదు.

కాసేపు నాకు ఏం చూస్తున్నానో అర్థం కాలేదు. వేరే ఎవరిదో పెట్టె తెరిచానేమో అన్నంత అయోమయం. చెయ్యి పెట్టి చీర పక్కకి జరిపాను, నెయ్యి డబ్బా ఎత్తి చూశాను. అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న మా అత్త నా కేక విని వచ్చింది. సీసాలు ఏవని అడిగాను.

ఆమె ఏమాత్రం తొణకలేదు. “బొట్టు పెట్టిన పెట్టెలో విషం ఉంచుతామా అమ్మాయ్? లక్ష్మి ఉండాల్సిన చోటది. అప్పుడే తీసేశాను.”

“తీసి ఎక్కడ పెట్టారు?”

“పిల్లలకీ గొడ్లకీ అందకూడదని నాకు తెలవదా? సంచిలో కట్టి వాడి మంచం కింద పెట్టా. ఆడికి వాడు తప్ప ఎవరూ పోరు.”

అంత జాగ్రత్త చేసింది మా అత్త. మంచం పెట్టె పక్కనే, గోడవారగా ఉంది. ఆ అమ్మాయి వంగి దుప్పటి కొస ఎత్తింది. గోనెసంచి అక్కడే ఉంది. ఎండాకాలం అంతా ఆయన దాని మీదే పడుకున్నాడు. నేనేమో మెడలో ఇనుపముక్క కట్టుకుని ఊరేగాను. పెట్టె తలుపు పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడే ఆయన అన్నానికి వచ్చాడు. తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుని సావిట్లోకి వచ్చి, తెరిచి ఉన్న పెట్టెనీ, మంచం కింద సంచినీ, మా ముగ్గురినీ చూశాడు. ఆశ్చర్యపోలేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది.

“మీకు తెలుసా?” అన్నాను.

తెలుసన్నట్టు తల ఊపాడు.

“మరి నాకు చెప్పలేదేంటండీ?”

“చెబితే తీసేస్తారుగా.”

పచ్చడి బాగుందన్న రోజున కూడా ఆయనకి అది అక్కడ ఉందని తెలుసు. ఆ పిల్ల వచ్చి ప్రశ్నలు అడుగుతున్నప్పుడూ తెలుసు. నేను మెడ తడుముకోవడం చూసినప్పుడల్లా ఏమనుకున్నాడో నేను అడగలేదు, అడగలేను. మా అత్త ఒకసారి నన్నూ ఒకసారి కొడుకునీ చూస్తోంది. ఏం తీసేస్తారు, ఎందుకు తీసేస్తారు అంది. ఎవరూ చెప్పకుండానే మా అత్తకి అర్థమైపోయింది. అర్థం కావడం ఆమె ముఖంలో నేను చూశాను. గోడ పట్టుకుని నేల మీద చతికిలబడింది.

ఆయన తల్లి ముఖం చూడలేక దూడ వైపు తిరిగి మాట్లాడాడు. “మొదట్లో అది ఉందిలే అనుకుంటే ధైర్యంగా ఉండేది. ఈ మధ్య దాని మీద పడుకోవాలంటే భయమేస్తందమ్మా. ఎట్టా చెప్పాలో తెలవలా. తీసెయ్యండి.”

నేను మంచం వైపు అడుగు వేశాను. మా అత్త నా కంటే ముందు లేచింది. నన్ను పక్కకి నెట్టి పెట్టెలో ఉన్న పట్టుచీర, భరిణె, పాసుపుస్తకాలు పేడ పడ్డ నేల మీదికే లాగేసింది. నెయ్యి డబ్బా బోర్లాపడి కారిపోతున్నా చూడలేదు. మంచం కిందికి వంగి సంచి లాగి, ఒక్కొక్క సీసా తన చేత్తోనే పెట్టెలో పెట్టింది. ఆ అమ్మాయి సాయం చెయ్యబోతే వద్దని చెయ్యి ఊపింది. తాళం వేసి, బొడ్లో ఉన్న తాళంచెవి తీసి ఆ పిల్ల చేతిలో పెట్టి, మా ఇంట్లో ఉంచొద్దు, పక్కింట్లో ఇచ్చి వెళ్లు తల్లీ అంది.

తర్వాత కొడుకు పక్కన మంచమ్మీద కూర్చుని, తడిసిన ఆయన పాదాలు తన కొంగుతో తుడిచింది.

“ఎప్పట్నించిరా అయ్యా?” అంది.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.