ఒక ఏడు ఎక్కువ

మా బడికి నేను మొట్టమొదట కొన్న వస్తువు ఇసుక. విడవలూరు దాటి సముద్రం వైపు పోతే, అలల చప్పుడు వినిపించే ఊళ్ళో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని పసిపిల్లల బడి పెట్టాను. ఆటల ద్వారా చదువు చెప్పడం ఎలాగో అంతకుముందే మూడు వారాలు శిక్షణ పొంది వచ్చాను. పిల్లలు ఆడుకునే ఇసుక సన్నగా, కడిగి ఆరబెట్టినదై ఉండాలని అక్కడ చెప్పారు. నెల్లూరులో మూడు బస్తాలు కొని ఆటోలో వేయించాను.

“ఇసక యాడికి మేడమ్?” అన్నాడు ఆటో అతను.

“సముద్రం ఒడ్డుకి.”

 అతను దారి పొడవునా అద్దంలో నన్నే చూస్తూ వచ్చాడు.

రెండో కొనుగోలు ప్లాస్టిక్ చేపలు. మొదటి రోజు ఒక నీలంరంగు చేపను చేత్తో ఆడిస్తూ, “ఇదేంటో చెప్పండి చూద్దాం” అన్నాను. పిల్లలంతా బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నారు. చివరికి ఒక పిల్ల లేచి వచ్చి, దాన్ని తీసుకుని, మొప్పలు ఉండాల్సిన చోట గోటితో ఎత్తి చూడబోయింది. ఎత్తడానికి ఏమీ లేదు. వాసన చూసింది. “ఇది మంచిది కాదు మేడమ్. తీసుకోబాకండి” అని మెల్లిగా చెప్పి నా చేతికిచ్చేసింది.

ఈ కథంతా ఆ పిల్లదే. అయిదేళ్ళు నిండబోతున్నాయి. చంకలో మూడేళ్ళ చెల్లెలు. తండ్రి పడవ మీద పోతాడు. తల్లి తెల్లవారకముందే చేపల గంపతో నెల్లూరు మార్కెట్టుకు పోయి మధ్యాహ్నం దాటాక వస్తుంది. ఇంట్లో నాయనమ్మ ఉంది గానీ ఆమెకు చూపు ఆనదు. అందుకని చెల్లెలి నడక, తిండి, నిద్ర అన్నీ అక్క చూసుకునేది. బడిలో చేర్చేటప్పుడు తల్లి నాతో దాపరికం లేకుండా చెప్పింది.

“వచ్చే ఏడు పెద్దదాన్ని ఒకటో తరగతిలో వెయ్యాల. ఈలోగా చిన్నది బళ్ళో కూసోడం నేర్చుకుంటే సరి. లేదంటే పెద్దది ఇంట్లోనే మేడమ్. నేను మార్కెట్టుకు పోకపోతే మాకు జరగదు.”

ఏం భయం లేదన్నాను. ఆ తర్వాత నా గోడ మీది పట్టిక చూపించాను. నాలుగేళ్ళు నిండనివాళ్ళు పిట్టల గది. నిండినవాళ్ళు నెమళ్ళ గది. మధ్యలో తలుపు. ఏ వయసుకు ఏ ఆట అన్నది రంగురంగుల గడుల్లో నేనే రాసుకున్నాను. అంత అందమైన పట్టిక నెల్లూరు జిల్లాలో ఇంకెక్కడా లేదని నా గట్టి నమ్మకం.

ఆమె పట్టికను చూడలేదు. నా మొహం చూసింది. “చిన్నదానికి ఒక ఏడు ఎక్కువేసి రాసుకోండి మేడమ్. ఇద్దరూ ఒక గదిలో ఉంటారు. అందరూ రాసేదే గదా.”

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. వయసు అనేది శాస్త్రానికి సంబంధించిన విషయమని, తప్పుడు తేదీ రాస్తే బిడ్డ ఎదుగుదలకే ద్రోహం చేసినట్టని, ఇంకా ఇలాంటివే నాలుగు ముక్కలు చెప్పాను. ఆమె చేపల గంప ఎత్తుకుని, “సరే మేడమ్, మీకు తెలవంది ఏముంది” అని వెళ్ళిపోయింది. ఆ మాట నేను మెచ్చుకోలనే అనుకున్నాను.

మర్నాటి నుంచి పిట్టల గదిలో చిన్నది ఏడుపు. మామూలు ఏడుపు కాదు, వాంతి అయ్యేదాకా ఏడ్చేది. నేను తలుపుకు గొళ్ళెం పెట్టి, “అలవాటైపోతుంది, అలవాటైపోతుంది” అంటూ తిరిగేదాన్ని. నెమళ్ళ గదిలో పెద్దది ఒక చెక్కబిళ్ళ చేత్తో పట్టుకుని తలుపు పక్కనే కూర్చునేది. చెక్కబిళ్ళ ఎవరైనా అడిగితే ఇచ్చేసేది. ఇంకొకటి తెచ్చుకోదు. నేను నా పుస్తకంలో దాని పేరుకు ఎదురుగా, “ఆటలో ఆసక్తి తక్కువ” అని శుభ్రంగా రాసి కింద గీత కూడా గీశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తొమ్మిదో రోజు ఇద్దరూ రాలేదు. పదో రోజూ రాలేదు. బడి ఎదురింటామె సంగతి చెప్పింది. చిన్నది బడి పేరెత్తితే జ్వరం తెచ్చుకుంటోందట, తల్లి ఇద్దరినీ మాన్పించేసిందట. “పెద్దదాని సదువు కూడా అయిపోయినట్టేలే” అంది, గిన్నె తోముకుంటూ.

ఆ సాయంత్రం నెల్లూరులో మా అమ్మ దగ్గర కూర్చుని నా గోడు వెళ్ళబోసుకున్నాను. ఈ తల్లులకు ఎంత చెప్పినా అర్థం కాదని, తప్పుడు వయసు రాయమంటారని, నేను మాత్రం లొంగలేదని. మా అమ్మ చిక్కుడుకాయలు ఈనె తీస్తూ విన్నది.

“నీకు బళ్ళో చేరేటప్పటికి అయిదు నిండినాయా ఏందే?”

“జూన్ ఒకటికి నిండాయి కదా.”

“జూను ఒకటి మీ బడి అయ్యవారు పెట్టింది. నువ్వు పుట్టింది కోతలప్పుడు. మీ అన్న బడికి పోతుంటే దోవలో పడి పొర్లేదానివి. ఆయన నాలుగు దినాలు చూసి, ఒక ఏడు ఎక్కువేసి వాడి పక్కన కూసోబెట్టుకున్నాడు. మహానుభావుడు.”

గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు. నా సర్టిఫికెట్లన్నిటి మీదా ఉన్న ఆ తేదీకి ఏటేటా కేకు కోసుకుంటున్నాను నేను.

“అట్లా కూసోబెట్టినందుకు చెడిపోయినావా ఏంది?” అంది అమ్మ. తర్వాత నన్ను కాసేపు తేరిపార చూసి, “ఏమో, కొంచెం చెడినట్టే ఉండాది” అని మళ్ళీ చిక్కుడుకాయల మీద పడింది.

మర్నాడు బడి వదిలాక వాళ్ళ వీధికి వెళ్ళాను. వలలు ఆరేసిన చోట పెద్దది అయిదారుగురు పిల్లకాయలను కూర్చోబెట్టి బడి ఆట ఆడుతోంది. మేడమ్ అదే. ఇసుకలో పుల్లతో గీత గీసి, చెల్లెలిని గీతకు అవతల కూర్చోబెట్టింది. చెల్లెలు మూతి విరిచింది. అక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని, మెడ కాస్త వెనక్కి వంచి, “అలవాటైపోతుంది, అలవాటైపోతుంది” అంది. అది వాళ్ళ యాస కాదు. ఆ మెడ వంపు కూడా నాదే. 

చెల్లెలు ఏడుపు అందుకోగానే మేడమ్ గీత దాటి పోయి దాన్ని ఎత్తుకుంది. “బడి అయిపోయింది, పొండి” అని మిగతావాళ్ళకు చెప్పేసింది. నేను ఎనిమిది రోజుల్లో చెయ్యలేనిది అది నిమిషంలో చేసింది.

తల్లి గంపలు కడుగుతోంది. రేపటి నుంచి ఇద్దరూ ఒకే గదిలో ఉంటారని చెప్పాను. “ఏడు ఎక్కువేసి రాసినారా?” అంది.

“లేదమ్మా. మధ్యలో తలుపు పీకించేస్తున్నా. తప్పు నాది.”

ఆమె చేతులు తుడుచుకుంది. “ఇంకొక్క వారం చూస్తా మేడమ్. మళ్ళీ ఏడ్చిందంటే నన్ను అడగొద్దు.”

వడ్రంగి వచ్చి తలుపు ఊడదీశాడు. మొదటి రోజు చిన్నది అక్క గౌను పట్టుకునే ఉంది. మూడో రోజుకు పట్టు సడలింది. అయిదో రోజు తనంతట తనే గౌను వదిలి, నీళ్ళ తొట్టి దగ్గర పిల్లల్లోకి పోయింది. హమ్మయ్య, గెలిచాననుకున్నాను. అప్పుడు పెద్దదాన్ని చూశాను. గది మధ్యలో నిలబడి ఉంది. రెండు చేతులూ ఖాళీ. వాటినేం చేసుకోవాలో దానికి తెలియడం లేదు.

“పోయి ఆడుకోమ్మా” అన్నాను.

“పాపని ఎవురు చూస్తారు?”

“నేను చూస్తాను.”

అది నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ఆ రోజు ప్లాస్టిక్ చేపను కూడా అంత పరీక్షగా చూడలేదు. చాలాసేపటికి ఒక నిర్ణయానికొచ్చినట్టుంది.

“ఏడిస్తే ఎత్తుకోవాల. ఎడమపక్క ఎత్తుకోవాల, కుడిపక్క ఉండదు. వీపు తట్టబాకండి, మాట్లాడకుండా గమ్మున తిరగాల.”

“సరే.”

“నిద్రొస్తే చెవి పట్టుకుంటాది. పట్టుకోనీండి.”

“సరేనమ్మా.”

రెండడుగులు వేసి వెనక్కి చూసింది. మరో నాలుగు వేసి మళ్ళీ చూసింది. ఆ తర్వాత ఇసుకలోకి దిగింది. దిగినది కాసేపు ఊరికే కూర్చుంది. పక్క పిల్ల ఏదో అన్నది, ఇది పకపకా నవ్వింది. అది నవ్వగా నేను వినడం అదే మొదలు.

నీళ్ళ తొట్టి దగ్గర చిన్నది హాయిగా ఆడుకుంటోంది, ఏడవనే లేదు. అయినా నేను పోయి దాన్ని ఎడమ చంకలో ఎత్తుకున్నాను. చెయ్యి తిమ్మిరెక్కినా, అది దిగుతానని తన్నుతున్నా, బడి వదిలేదాకా దించలేదు. దించితే అక్క చూసి ఆట మానేస్తుందేమోనని భయం.