అవతలి ఒడ్డు చిరునామా

పోయిన వారం మా సందు చివరింటి అమ్మాయి ఒక కవరు పట్టుకొని వచ్చింది. వాళ్ల అన్న ఏదో దేశంలో ఓడరేవు పనిలో ఉన్నాడట, అతనికి కొన్ని కాగితాలు పంపాలట. నా చేతిరాత అచ్చు గుద్దినట్టు ఉంటుందని, నా దగ్గరికే పొమ్మని అందరూ చెప్పారట. పొగిడితే కరిగిపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే. కళ్లజోడు తుడుచుకొని, నల్ల సిరా పెన్ను వెతికి తెచ్చుకొని, చేరవలసిన చిరునామా తీరిగ్గా రాశాను. కవరు మీద పంపినవారి చోటికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఆ భాగం నువ్వే రాసుకో బిడ్డా, మీ ఇంటిదే రాయి, ఇంకెవరిదీ వద్దు అన్నాను. ఆ అమ్మాయి నా ముఖం వింతగా చూసింది. ముసలామెకు చాదస్తం ముదిరిందనుకొని ఉంటుంది.

నేను తెలంగాణ సరిహద్దుకు ఇవతల, మరాఠీ రాష్ట్రంలో ఉన్న సిరోంచ సర్కారు బడిలో ముప్పై ఏళ్లకు పైగా చదువు చెప్పినదాన్ని. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో ఉర్దూ కలిసిన మా మాట. ఇంగ్లీషు మాట్లాడమంటే చెమటలు పట్టేవి గానీ రాయమంటే మాత్రం ముత్యాలు పేర్చేదాన్ని. అందుకని వీధిలో ఎవరికి అర్జీ కావాలన్నా, కవరు మీద చిరునామా కావాలన్నా మా అరుగు మీదే పంచాయితీ. ఇక మా ఊళ్లో ఒక అలవాటు ఉండేది. కాస్త ముఖ్యమైన కవరైతే ఎవరూ ఇక్కడి పోస్టాఫీసులో వేసేవాళ్లు కాదు. ఇక్కడ వేస్తే అది అహేరి అడవి దారి పట్టి, గడ్చిరోలి చూసుకొని, నాగపూర్ పోయి, అప్పుడు గానీ లోకంలో పడదని మా నమ్మకం. నిజమో కాదో ఎవరూ కనుక్కోలేదు. నది మీది వంతెన దాటి తెలంగాణ ఒడ్డుకు పోయి అక్కడ వేస్తే హైదరాబాదు మీదుగా రెక్కలు కట్టుకొని పోతుందనుకునేవాళ్లం. ఊళ్లో సగం మందికి అవతల చుట్టాలు ఉండనే ఉన్నారు. అక్కడి కౌంటరులో ఆధార్ కార్డు అదీ అడుగుతారు కనుక పంపినవారి పేరూ చిరునామా ఆ చుట్టానివే రాసేసేవాళ్లం. కవరు పోయేది అటు కదా, ఇటు చిరునామా ఎవరిదైతేనేం? తిరిగొచ్చే కవరు కూడా ఒకటి ఉంటుందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

మా గోడకు ఆనుకొని ఉన్న ఇంటి భాయి లారీ డ్రైవరు. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న కుటుంబం. అతని భార్య నాకు కూతురంత ఉంటుంది, అయినా వీధంతా భాభీ అంటుంటే నేనూ భాభీ అనేదాన్ని. ఆమె నన్ను అక్కా అనేది. పాప ఇంకా అంబాడుతుండగానే భాయి గల్ఫ్ దేశానికి పోయాడు. డ్రైవరు పని అని చెప్పి తీసుకుపోయారు. అంతకుముందు పోయి వచ్చినవాళ్లు అతనికి ఒకటే మాట నూరిపోశారు: అసలు కాగితాలు వెంట తీసుకుపోకు, అక్కడి సేట్లు గుంజుకొని ఇవ్వరు, నకళ్లు చాలు అని. అందుకని పెద్ద బండ్లు నడిపే లైసెన్సు భాభీ రేకు పెట్టెలో, ఆమె పెళ్లి చీర మడతలో ఉండిపోయింది.

తీరా అక్కడికి పోయాక సేటు పాస్‌పోర్టు తీసుకొని, ఊరికి దూరంగా ఇసుకలో ఒక కొట్టం చూపించి, గొర్రెలను కాయమన్నాడు. చుట్టూ మనిషి లేడు. ఫోనుకు సిగ్నలు అందాలంటే ఒక దిబ్బ ఎక్కాలి. నీళ్ల ట్యాంకు వచ్చినప్పుడు ఆ డ్రైవరుతో మాట్లాడేదే మాట. ఈ సంగతి భాభీకి చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. ఆమె నాకొక్కదానికే చెప్పింది. ఆ ఒట్టు నిలబెట్టడానికి పాపం ఆమె పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. అత్తగారు వీధి వీధీ తిరిగి నా కొడుకు ట్యాంకర్ నడుపుతున్నాడని చెప్పుకొచ్చేది. నీళ్ల ట్యాంకరా పెట్రోలు ట్యాంకరా అని ఒకరు, తన మేనల్లుడిని క్లీనరుగా పెట్టించమని ఒకరు. ఒకసారి భాభీ ట్యాంకరుది ఆకుపచ్చ రంగు అని చెప్పి, నెల తిరగకముందే తెల్లది అంది. పక్కనున్న నేను రెండు ట్యాంకర్లున్నాయని సర్దాల్సి వచ్చింది. ఇంటికొచ్చి ఇద్దరం కడుపు పట్టుకొని నవ్వాం. నవ్వి నవ్వి ఆమె ఏడ్చింది.

రెండో ఏడు చలికాలంలో ఒక దారి తెరుచుకుంది. ఇసుక లారీలు నడిపే వేరే కంపెనీ అతన్ని తీసుకుంటానంది. సేటు కూడా ఎందుకో మెత్తబడి, వాళ్లు తీసుకుంటే వదిలేస్తానన్నాడు. కాకపోతే కంపెనీకి అసలు లైసెన్సు కావాలి. ఫోనులో ఫొటో పంపితే చెల్లదన్నారు. రంజాన్ పండుగ దాటేదాకా చూస్తాం, ఆ తర్వాత మరొకర్ని పెట్టుకుంటాం అన్నారు. ఆ దేశంలో ఇంటింటికీ పోస్టుమాన్ రాడట, పెట్టె నంబరుకే ఉత్తరాలు వస్తాయట. దగ్గరి పల్లెలో కిరాణా కొట్టు నడిపే మలబారు ఆయన తన పెట్టె నంబరు ఇచ్చాడు.

భాభీ లైసెన్సు తీసుకొని వచ్చింది. కవరును ఆమే ఇంట్లో అంటించుకొచ్చింది, చిరునామా నేను రాశాను. "ఈడనే పోస్టుల ఏద్దాం అక్కా, రోజు పోయి అడుగుతందుకు మనకు దగ్గరుంటది" అంది. నేను వింటే కదా. నీకేం తెలియదు, ఊరుకో అన్నాను. పంపినవారి చోట అవతలి ఒడ్డున ఉన్న మా అన్న పేరు, మా అన్న ఇల్లు రాశాను. మరునాడే వంతెన దాటి పోయి, మా అన్నను వెంటబెట్టుకొని రిజిస్టరు చేయించి, విజయం సాధించినదానిలా బస్సు దిగాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ బస్సు దిగిన మనిషిని రెండు తన్నాలనిపిస్తుంది.

ఇక అప్పటి నుంచి ప్రతి సోమవారం మేమిద్దరం మా ఊరి పోస్టాఫీసుకు పోయేవాళ్లం. కౌంటరులో కూర్చునే ఆయన మంచివాడు, మరాఠీ మనిషి. రసీదు మీది నంబరు కంప్యూటరులో కొట్టి చూసేవాడు. ముంబయి దాటింది అని ఒక వారం, ఆ దేశం చేరింది అని ఒక వారం చెప్పాడు. అక్కడితో ఆ తెర మీద గీత ఆగిపోయింది. తర్వాత ఎన్నిసార్లు చూసినా అదే గీత. అక్కడ మలబారు ఆయన కవరు రాలేదంటున్నాడు, ఇక్కడ చేరిందంటున్నారు. మధ్యలో దాన్ని ఏ భూతం మింగిందో తెలియదు. భాయి ఫోను చేసినప్పుడల్లా మొదట అడిగేది కవరు సంగతే. తర్వాత తర్వాత అడగడం మానేశాడు. ఆయన అడగకపోవడమే భాభీకి ఎక్కువ భయమేసేది. రంజాన్ వచ్చింది, పోయింది. కంపెనీ వేరేవాడిని పెట్టుకుంది. సేటు మళ్లీ బిగిసిపోయాడు, ఇంకో రెండేళ్లు కదలడానికి లేదన్నాడు.

పండుగ పోయిన ఇరవై రోజులకు మా అన్న ఫోను చేశాడు. మోకాళ్ల ఆపరేషను చేయించుకొని మూడు నెలలు మంచిర్యాలలో కూతురింట్లో ఉండి, అప్పుడే ఊరికి తిరిగొచ్చాడు. ఇల్లు తాళం పెట్టి ఉండటంతో వచ్చిన ఉత్తరాలన్నీ పక్కింటివాళ్లు తీసుకొని కరెంటు బిల్లులతో, పెళ్లి కార్డులతో కలిపి అటక మీద పెట్టారట. "నీ అక్షరాల కవరొకటి ఉన్నదే ఈడ. ఎర్ర ముద్దర్లు గుద్ది వాపసు పంపిండ్రు" అన్నాడు.

బస్సులో ఎట్లా పోయానో గుర్తులేదు. అదే కవరు, ముత్యాల్లాంటి నా అక్షరాలు. ఆ పెట్టె నంబరు మూసేశారని ఇంగ్లీషులోను, ఇంకేదో లిపిలోను ముద్రలు. కిరాణా కొట్టాయన పెట్టె అద్దె కట్టడం మానేసి, ఆ సంగతి తనే మరిచిపోయి ఉంటాడు. అది కాదు నన్ను కుదేలు చేసింది. కవరు రంజాన్‌కు నెల ముందే ఆ పక్కింటి అటక ఎక్కింది. ఆ నెలలోనే మా అన్న వీధివాడొకడు సెలవు ముగించుకొని అదే దేశానికి పోయాడు. నేను మా ఊరి చిరునామా, మా ఇంటి చిరునామా రాసి ఉంటే కవరు నా చేతికి వచ్చేది. వాడి సంచిలో పెట్టి పంపితే రెండో రోజుకు భాయి చేతిలో ఉండేది. ఈ లెక్క ఆ రోజు బస్సులో ఎన్నిసార్లు వేసుకున్నానో.

చెప్పాలనే దిగాను. దేవుడి మీద ఆన. మా సందు మలుపు తిరిగేసరికి భాభీ వాకిట్లో పాపకు అన్నం పెడుతోంది. ఎటు పోయినవ్ అక్కా, ముఖం గట్ల పీక్కపోయింది, జర కూసో చాయ్ తెస్త అంది.  ఇప్పుడు చెప్పినా భాయి రాడు కదా, ఉన్న కష్టానికి తోడు నా మీద కోపం కూడా ఎందుకు ఆమెకు అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అది ఒట్టి మాట. వీధిలో నాకున్న పేరు, ఆమె కళ్లలో నాకున్న విలువ, అవి పోతాయని భయం. కవరు తీసుకుపోయి బీరువాలో చీరల అడుగున పెట్టి తాళం వేశాను.

ఆ తర్వాత గడిచినలాంటి రెండేళ్లు నా పగవాళ్లకు కూడా వద్దు. సోమవారం వస్తే చాలు భాభీ చెప్పులు వేసుకొని వాకిట్లో నిలబడేది. లైసెన్సు దొరికితే మళ్లీ ఏదో ఒక కంపెనీ దొరుకుతుందని ఆమె ఆశ. నేను జ్వరమన్నాను, చుట్టాలన్నాను, ఎన్ని సోమవారాలని తప్పించుకోను? వెంట నడిచేదాన్ని. కౌంటరు ఆయన నంబరు కొట్టేవాడు, ఆయన చెప్పిందే మరాఠీలో విని తెలుగులో ఆమెకు చెప్పేదాన్ని. దొరకలేదట అని నా నోటితో నేను చెప్పేదాన్ని. దారిలో ఆమె నన్నే ఓదార్చేది, నువ్వెందుకు అక్కా అంత రంది పడుతవు అని. భాయి ఆ ఇసుకలో చిక్కుకున్నాడు, భాభీ ట్యాంకరు అబద్ధంలో చిక్కుకుంది, నేను నా బీరువాతో చిక్కుకున్నాను. ముగ్గురిలో తాళం చెవి చేతిలో ఉన్నదాన్ని నేనొక్కదాన్నే, తియ్యలేనిదాన్నీ నేనే.

చివరికి గడువు తీరి భాయి వచ్చాడు. గడ్డం నెరిసింది, మాట తగ్గింది. పెద్దగా పిలిస్తే ఉలిక్కిపడేవాడు. పాప వారం రోజులు అతని దగ్గరికి పోలేదు, ఫోనులో మాట్లాడే నాన్న, వాళ్ల అబ్బా, వేరు, ఈయన వేరు అనుకుంది. పది రోజులయ్యాక భార్యాభర్తలిద్దరూ నా దగ్గరికి వచ్చారు. మళ్లీ లారీ ఎక్కాలంటే లైసెన్సు నకలు తెచ్చుకోవాలి. దానికి గడ్చిరోలి పోవాలి. పోయేముందు, లైసెన్సు పోస్టులో పోయిందని మరాఠీలో అర్జీ రాసి పోలీసు స్టేషనులో ఇవ్వాలి. ఊళ్లో అర్జీ ఎవరు రాస్తారు? నేనే కదా. తెల్ల కాగితం, పెన్ను భాయే తెచ్చి నా ముందు పెట్టాడు.

పై వరస రాశాను. ఊరు, తాలూకా, జిల్లా రాశాను. పోయింది అన్న మాట దగ్గర పెన్ను పక్కన పెట్టాను.  లేచి పోయి బీరువా తీసి, కవరు తెచ్చి కాగితం మీద పెట్టాను. జరిగిందంతా చెప్పాను, దాచకుండా, తల ఎత్తకుండా.

భాయి కవరు అటూ ఇటూ తిప్పి చూశాడు. చించి లైసెన్సు తీశాడు. దాని గడువు నాలుగు నెలల కిందటే తీరిపోయింది. అయినా జేబులో పెట్టుకున్నాడు. "పోనియ్ అక్కా. నసీబుల లేదు" అన్నాడు మెల్లగా. భాభీ మాత్రం నన్నే చూస్తూ ఉంది. ఆమె గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

"రెండేండ్లు అక్కా. ప్రతి సోమారం నా పక్కన నువ్వు ఎట్ల నడిచినవ్?"

  ఆమె ఆ రోజు నుంచి నాతో మాట్లాడుతుంది, పండుగకు గిన్నెలో సేమ్యా పంపుతుంది గానీ, మా అరుగు మీద కూర్చోదు.

ఆ రోజు చించిన కవరులో ఇంకో కాగితం ఉంది. అది ఉన్నట్టు నాకు అంతవరకు తెలియదు, భాభీ ఇంట్లో కవరు అంటించేటప్పుడు పెట్టిందట. మడత విప్పితే బాల్ పెన్నుతో గీసిన చిన్న పాదం, ముందు ఐదు వేళ్లు. అటు నుంచి ఎవరైనా వస్తుంటే వాళ్లతో పాపకు బూట్లు పంపాలంటే కాలి కొలతకు ఆది కావాలని పెట్టింది. భాయి దాన్ని అరచేతిలో పెట్టుకొని కూర్చున్నాడు. పాప వచ్చి తొంగి చూసి, ఇది ఎవరి కాలు అని అడిగింది. నీదే బేటా అన్నాడు. పాప నమ్మలేదు. కాగితం నేల మీద పరిచి తన కాలు దాని మీద పెట్టి చూసుకుంది. మడమ కలిపి పెడితే వేళ్లు గీత దాటి రెండంగుళాలు బయటికి వచ్చాయి. భాయి ఆ వేళ్లను ఒక్కొక్కటే ముట్టుకున్నాడు, ఆ పది రోజుల్లో అతను ఏడవడం అప్పుడే చూశానని భాభీ తర్వాత చెప్పింది. కవరును దాచింది నా బీరువాలోనే, కానీ దానితో పాటు పోయిన రెండేళ్లు మాత్రం వాళ్లవి.